హన్నా కుమారుడు సమూయేలు: అజాయి క్రౌథరు బిషప్పుగారి జీవితము



న్యాయాధిపతుల గ్రంథము 12వ అధ్యాయములో యొర్దాను రేవుల యొద్ద జరిగిన ఘోరము మీకందరికి తెలిసినదే. గిలాదువారును ఎఫ్రాయిమువారును ఒకే తండ్రి సంతానము. భాష ఒకటే, దేవుడు ఒక్కడే. అయినను పారిపోవుచున్న ఎఫ్రాయిమువానిని పట్టుకొనుటకు గిలాదువారు ఒక్క మాట పలుకుమని అడిగిరి. ఆ మాట మొదటి అక్షరమునకు నోరు తిరగనివాడు ఆ రేవుననే ప్రాణము విడిచెను. ఆ కాలమందు 42,000 మంది ఎఫ్రాయిమువారు పడిపోయిరని వ్రాయబడియున్నది.

భాష మనుష్యులను కలుపునని పెద్దలు చెప్పుదురు. కలుపుట నిజమే. అదే భాషలో ఒక్క అక్షరపు తేడాకు కత్తి దూయుటయు నిజమే. అట్లయిన ఒక జనము ఏ విధముగా ఒక జనమగును? రక్తమువలననా, మాటవలననా, ఆచారములవలననా? ఈ ప్రశ్నమీద పండితులు గ్రంథములు వ్రాసియున్నారు. ఈ నెల మేము చెప్పబోవు పడమటి ఆఫ్రికా భక్తుడు మాత్రము దీనిని తన దేహముమీదనే మోసెను.

ఇప్పుడు నైజీరియా అనబడు దేశములో, నైరుతి భాగమున, ఒసోగున్ అను ఊరు కలదు. అక్కడ 1807వ సంవత్సర ప్రాంతమున ఒక నేతగాని ఇంట మగబిడ్డ పుట్టెను. తల్లి పేరు అఫాలా. ఆ దేశాచారము ప్రకారము ముఖము నేలవైపునకు ఉండునట్లు పుట్టిన బిడ్డకు అజాయి అని పేరు. ఆ పేరు తలిదండ్రులు ఎన్నుకొనునది కాదు, పుట్టుకయే దానిని తెచ్చిపెట్టును. ఆ పేరే ఆయనకు కడవరకు నిలిచినది.

ఆ ప్రాంతములో ఓయోవారు, ఎగ్బావారు, ఇజేబువారు, ఇజేషావారు, ఎకిటివారు మొదలైన అనేక తెగలవారు నివసించుచుండిరి. ఒకరి మాట మరియొకరికి చాలవరకు తెలియును. తమ రాజవంశములన్నియు ఇలే ఇఫే అను పురాతన పట్టణమునుండియే బయలుదేరినవని వారు నమ్మిరి. కాని ఊరికొక రాజు, తెగకొక యాస. చెంపలమీద కోసికొను గంట్లు సహా వేరువేరు. ముఖము చూడగానే వీడు ఫలాని ఊరివాడని చెప్పవచ్చును. మేమందరము ఒక జనమని చెప్పుకొనుటకు వారికి ఒక పేరైనను లేదు. యొరూబా అను పేరు ఉత్తర దిక్కున నున్న హౌసావారు ఓయోవారికి పెట్టినదే గాని ఎగ్బావాడు గాని ఇజేబువాడు గాని తన్ను యొరూబావాడనుకొనలేదు.

అజాయికి పండ్రెండు పదుమూడేండ్ల ప్రాయము వచ్చునప్పటికి ఓయో రాజ్యము బీటలు వారినది. దేశమంతట దోపిడి. 1821వ సంవత్సరములో ఒక ఉదయమున, ఇండ్లలో స్త్రీలు వంట చేసికొనుచుండగా, దండు వచ్చి ఒసోగున్‌ను చుట్టుముట్టెను. తండ్రి పరుగున ఇంటికి వచ్చి, పారిపోవుడని చెప్పి, ఊరి కాపుదలకు మరల వెళ్లెను. అజాయి ఆయనను చూచుట అదే కడపటిసారి. చిన్నవాడు తన విల్లు, అంబులు తీసికొనెను గాని ఏమి చేయగలడు? తల్లి, ఇద్దరు చెల్లెండ్రు, పినతల్లి బిడ్డ, వీరితోకూడ అతని మెడకును త్రాడు వేసి లాగికొనిపోయిరి. మేకలను సంతకు తోలినట్లు తోలిరి.

ఇక్కడ ఒక్క సంగతి గమనింపవలెను. ఆ దండులో ఫులానీవారు కలరు. వారితోపాటు ఓయోలోని మహమ్మదీయులును కలరు. అనగా ఆ త్రాడు వేసినవారిలో కొందరు అజాయి తల్లి మాటలాడు భాషయే మాటలాడిరి. తరువాత అతనిని కొన్నవారును అమ్మినవారును చాలమంది ఆ భాషవారే. ఒకడు అతనిని గుఱ్ఱమునకు మారకము వేసెను. గుఱ్ఱము నచ్చలేదని రెండు నెలలకు వెనుకకు త్రిప్పి పంపెను. మరియొకచోట పొగాకునకును సారాయికిని మారకము చేసిరి. మధ్యలో కొంతకాలము తల్లి యున్న ఊరిలోనే ఉండుట తటస్థించెను, మరల విడదీసిరి. తెల్లవారి చేతికి అమ్ముదురేమో యను భయముచేత ఆ పిల్లవాడు రాత్రివేళ నడుముకట్టు మెడకు బిగించుకొని చావ ప్రయత్నించెనట. యోసేపును అమ్మినవారు అన్నలే గదా. భాష ఒకటైనంత మాత్రమున సహోదరత్వము పుట్టదని అజాయి పదునాలుగేండ్లు నిండకముందే నేర్చుకొనెను.

చివరకు లాగోసు రేవులో పోర్చుగీసువారు అతనిని కొని 187 మంది బానిసలతో నిండిన ఓడలో ఎక్కించిరి. 1822 ఏప్రిల్ నెలలో, ఓడ బయలుదేరిన కొలది గంటలకే, బానిస వ్యాపారమును అరికట్టుటకు కావలి తిరుగుచున్న మిర్మిడన్ అను ఆంగ్ల యుద్ధనౌక దానిని పట్టుకొనెను. దాని అధిపతి లీకె దొర. ఈ తెల్లవారు విడిపించువారని ఆ పిల్లలకెట్లు తెలియును? నౌకమీద వ్రేలాడుచున్న పంది మాంసమును చూచి అది తమ తోటివారి మాంసమనియు, గుండ్రని ఫిరంగి గుండ్లను చూచి అవి వారి తలలనియు తలంచి వణకిరి. ఆ మాంసము పందిదని గిట్టలను చూచిన తరువాత గాని వారికి ధైర్యము రాలేదు.

వారిని సియెర్రా లియోనులోని ఫ్రీటౌను పట్టణమునకు తెచ్చి 1822 జూను నెలలో దింపిరి. విడిపింపబడిన బానిసలకు ఆశ్రయముగా నుండిన పట్టణమది. పెంతెకొస్తు దినమున యెరూషలేములో ఎన్ని దేశములవారు కూడుకొనిరో అపొస్తలుల కార్యములు 2వ అధ్యాయములో చదువుచున్నాము. ఫ్రీటౌనులో అంతకంటె ఎక్కువ భాషలు. కొయెలె అను మిషనెరీ అక్కడి వీధులలో తిరిగి, విడిపింపబడినవారి నోటనుండి 150కి పైగా ఆఫ్రికా భాషల మాటలు వ్రాసికొని 1854లో గ్రంథముగా ప్రకటించెను.

ఆ పట్టణములో ఒక విచిత్రము జరిగెను. స్వదేశములో ఒకరినొకరు అమ్ముకొనిన ఓయోవాడు, ఎగ్బావాడు, ఇజేషావాడు, ఇక్కడ వేరే భాషల సముద్రములో పడినప్పుడు, ఒకరి మాట ఒకరికి తెలియుటయే గొప్ప బంధుత్వమాయెను. ఇతరులు వారికందరికి కలిపి ఒకే పేరు పెట్టిరి: అకు. వారి భాషలో ఉదయమునకొక పలకరింపు, పనిలో నున్నవానికొక పలకరింపు, కూర్చున్నవానికొకటి, ప్రయాణమునుండి వచ్చినవానికొకటి కలదు. అన్నిటిలోను కు అను శబ్దము వినబడును. దానిని పట్టుకొని పెట్టిన పేరది. మనము మాటకొకసారి అండీ అందుము గనుక పరదేశులు మనలను అండీ జాతి అని పిలిచినట్లున్నది! అయినను ఆ ఎగతాళి పేరు క్రిందనే వారు మొదటిసారి ఒక్కటిగా లెక్కింపబడిరి. తాము ఒక జనమని తమ ఊరిలో నున్నప్పుడు వారికి తెలియలేదు, ఊరు పోయిన తరువాత తెలిసినది. ఇశ్రాయేలీయులకును బబులోను నదులయొద్ద కూర్చున్నప్పుడే గదా సీయోను గుర్తు వచ్చినది.

అజాయి బాతర్స్టు అను పల్లెలో ఉంచబడెను. వడ్రంగము నేర్చుకొనెను. చదువులో ఎంత చురుకనగా, ఆరు నెలలలో క్రొత్త నిబంధన చదువగలిగెను. 1825 డిసెంబరు 11వ తేదీన బాప్తిస్మము పొంది, లండనులోని ఒక పాదిరిగారి పేరు తీసికొని సమూయేలు క్రౌథరు ఆయెను. 1827లో ఫూరా బే కళాశాల తెరచినప్పుడు అందు చేరిన మొదటి విద్యార్థులలో ఒకడు. బానిస ఓడనుండియే విడిపింపబడిన అసానో అను యువతిని, బాప్తిస్మమందు సూసాను అను పేరు పొందినదానిని, వివాహము చేసికొనెను. ఉపాధ్యాయుడుగా అనేక సంవత్సరములు పనిచేసెను. కోటు, బూట్లు, ఇంగ్లీషు పుస్తకములు. అప్పటి ఫ్రీటౌను క్రైస్తవులకు నాగరికత అనగా ఇదియే. దేవుని వాక్యము ఇంగ్లీషులో, పాటలు ఇంగ్లీషులో, ప్రార్థన ఇంగ్లీషులో.

1841లో ఆంగ్లేయులు నైజరు నదిమీద ఓడలు పంపిరి. క్రౌథరుగారును జర్మనీ దేశస్థుడైన షోన్ అను మిషనెరీయు ఆ ఓడలలో వెళ్లిరి. చలి జ్వరముచేత 40 మందికి పైగా తెల్లవారు మరణించిరి. ఆఫ్రికాకు సువార్త ఆఫ్రికా బిడ్డలచేతనే, ఆఫ్రికా భాషలలోనే చెప్పబడవలెనని సి.ఎమ్.ఎస్. వారికి అప్పుడు రూఢి అయినది. ఆ సంవత్సరముననే ఆ మిషనువారు నోబెలుగారిని, ఫాక్సుగారిని మన మచిలీపట్టణమునకు పంపిరి. లండనులో ఒక్క బల్లయొద్దనుండి రెండు ఉత్తరములు, ఒకటి నైజరు నదికి, ఒకటి కృష్ణా తీరమునకు. క్రౌథరుగారు ఇంగ్లండు వెళ్లి 1843లో పాదిరిగా అభిషేకింపబడెను. యొరూబా మాటల పట్టిక ఒకటి ఆ యేడే అచ్చువేయించెను.

1844 జనవరిలో ఆయన ఫ్రీటౌనులో ఒక ఆరాధన జరిగించెను. ఇంగ్లీషులో కాదు, అకువారి మాటలో. ఆయన జంకెను, పదుమూడేండ్లకు ఊరు విడిచినవాని నోట ఆ మాట సగము మరచినది, దైవ సంగతులు దానిలో ఎన్నడును చెప్పినవాడు కాడు. మందిరము నిండిపోయెను. అమ్మ మాటలో క్రీస్తును గూర్చి వినుటకు వచ్చినవారిలో మహమ్మదీయులును కలరు.

ఆ మీదట తన దేశమునకే పయనము. ఎగ్బా తెగవారు శత్రువులకు వెరచి, ఒలుమో అను పెద్ద బండ దాపున 1830 ప్రాంతమున కట్టుకొనిన పట్టణము అబెయోకుట. బండ క్రింద అని దాని అర్థము. క్రౌథరుగారును టౌన్సెండు దొరగారు మొదలైనవారును సముద్రతీరమున బదాగ్రిలో ఏడాదిన్నర నిలిచిపోయి, 1846 ఆగస్టు నెలలో అక్కడికి చేరిరి.

చేరి మూడు వారములు కాలేదు. ఆగస్టు 21వ తేదీ. సమీప పల్లెనుండి ఒక వృద్ధురాలు తన కుమారునితో పాదిరిగారి ఇల్లు వెదకుకొనుచు వచ్చెను. అఫాలా! ఈ మధ్యకాలములో ఆమెయు చెరను అనుభవించి, కుమార్తెలచేత విడిపింపబడి, ఆ పల్లెలో బ్రదుకుచుండెను. నీ కుమారుడు తెల్లవారితో కూడ వచ్చియున్నాడని ఎవరో చెప్పగా నమ్మలేదు. ఇప్పుడు ఎదురుగా, కోటు తొడిగి, నలుబదేండ్లకు దగ్గరైన పురుషుడు. ఆమె వణకెను. ఆమె చెంపలమీద కన్నీరు కారెను. ఇద్దరును ఒకరి చేతులు ఒకరు పట్టుకొని, మాట రాక, ఒకరి ముఖము ఒకరు చూచుచు చాల సేపు ఉండిపోయిరి. ఇరువదియైదు సంవత్సరములు. ఆయన జీవితమంతయు ఏ భాషకు అక్షరములు కూర్చుటకు వ్యయమైనదో, ఆ భాష ఆయనకు ఎవరి నోట మొదట అందినదో ఆమె ముందు ఆయనకు ఒక్క మాటయు రాలేదు. చివరకు ఆమె అతనిని చిన్ననాటి ముద్దు పేర్లతో పిలిచెను. ఆ దినపు క్రైస్తవ పంచాంగములో నుండిన వాక్యము 10వ కీర్తనలోనిది; తండ్రిలేనివారికి సహాయుడైన దేవునిగూర్చినది.

1848 ఫిబ్రవరి 5వ తేదీన ఆమె బాప్తిస్మము పొందెను. కుమారుని పేరు సమూయేలు గనుక ఆమెకు ఏ పేరు పెట్టిరో మన సంఘములోని చిన్నపిల్లలు కూడ చెప్పగలరు. హన్నా అని పెట్టిరి. బైబిలులో హన్నా తన బిడ్డను తానే దేవునికి అప్పగించినది. ఈ హన్నా చేతిలోనుండి బిడ్డను దొంగలు లాగికొనిరి; దేవుడు తిరిగి ఇచ్చెను. ఆమె 1883 వరకు బ్రదికెను.

ఇక ఆయన ముఖ్యమైన పని సంగతి. యొరూబా భాషకు అప్పుడు ఆ ప్రజలు వ్రాసికొను ఇంగ్లీషు తరహా అక్షరములు లేవు. పైగా అది రాగముతో నడచు భాష. ఒకో అను ఒక్క మాటను తీసికొనుడు. స్వరము మార్చి పలికినకొలది అది భర్త అగును, పార అగును, పడవ అగును, ఈటె అగును. మనకు దీర్ఘములు, ఒత్తులు ఏలాగో వారికి స్వరము ఆలాగు. తప్పు స్వరములో వాక్యము చదివిన బోధకుని చూచి సంఘమంతయు నవ్వవచ్చును. ఇంగ్లీషు అక్షరములు ఈ పనికి చాలవు. గనుక అక్షరములకు క్రింద చుక్కలు, పైన గీతలు చేర్చవలసివచ్చెను. ఏ ధ్వనికి ఏ గుర్తు అనునది తేల్చుటకు 1875 జనవరిలో లాగోసులో ఒక సభ కూడెను, అధ్యక్షుడు క్రౌథరుగారే.

అక్షరములు సులువు, మాటలు కష్టము. ఆయన ముసలివారియొద్ద కూర్చుండి సామెతలు ఏరుకొనెను. పాత మతపు పెద్దలు జోస్యము చెప్పునప్పుడు పలుకు పలుకులు సహా చెవినిబెట్టి వినెను. వారి మతమును ఆయన అంగీకరింపలేదు, వారి భాష లోతును మాత్రము గౌరవించెను. దేవునికి ఒలొరున్ అను మాట తీసికొనెను. ఆకాశమునకు యజమానుడని దాని అర్థము. ప్రార్థనకు, ప్రవక్తకు, యాజకునికి అక్కడి మహమ్మదీయులు వాడుకలోనికి తెచ్చిన అదురా, వొలి, అలుఫా అను మాటలే బైబిలులో ప్రవేశించినవి. తన ఊరిని కాల్చిన దండులో మహమ్మదీయులు కలరని ఆయన మరచెనా? మరువలేదు. కాని ఊరి సంతలో తల్లులు వాడుకొను మాట ఎవరు తెచ్చినదని అడుగలేదు. మన తెలుగు బైబిలులో యాజకుడు, ప్రవక్త, అభిషేకము అను మాటలు మాత్రము క్రైస్తవులు క్రొత్తగా పుట్టించినవా? అవి మనకంటె ముందే ఈ దేశములో నున్నవి.

ఆయన పనిలో పొరపాట్లు లేవని మేము చెప్పము. సాతానునకు ఎషు అను మాట వాడుట జరిగెను. యొరూబావారి పాత మతములో ఎషు అనగా బలులను మోసికొనిపోవు దూతవంటి దేవత, మనుష్యులను పరీక్షించు కొంటెవాడు. సాతాను కాడు. ఒక్క మాట ఎన్నికవలన ఒక జనుల తాతముత్తాతలు అపవాదిని పూజించినవారైరి అని ఈనాటికిని అక్కడి పండితులు బాధపడుచున్నారు. ఇది న్యాయమైన ఫిర్యాదే.

1850లో రోమా పత్రిక, 1852లో వ్యాకరణము. 1862లో ఆయన ఇల్లు కాలిపోగా ఎన్నో యేండ్లుగా కూర్చిన మాటల సేకరణ బూడిద అయినది. మరల మొదలుపెట్టెను. థామస్ కింగు అను యొరూబా పాదిరిగారును మరికొందరును ఆయనకు తోడ్పడిరి. 1884లో సంపూర్ణ బైబిలు వెలువడెను.

ఆ గ్రంథములోని భాష ఎవరిది? మూలము ఓయో మాట, దానిలో అబెయోకుట మాట కలిసినది. ఇజేబువాడు, ఎకిటివాడు తన ఇంటి యాసను దానిలో వెదకిన దొరకదు. పుస్తకమునకెక్కిన యాస పెద్దదగును, ఎక్కనిది చిన్నబోవును. తెలుగు పాఠకులకు ఇది విప్పి చెప్పనక్కరలేదు. అయినను ఆ పుస్తకమును బడిలో చదివిన ఎగ్బా పిల్లవాడును ఎకిటి పిల్లవాడును మేము యొరూబావారము అనుటకు వెనుదీయలేదు. హౌసావారు ఓయోకు మాత్రమే పెట్టిన పేరు అందరిదాయెను. యుద్ధములు వెంటనే ఆగెనని తలంచవద్దు. 1877లో మొదలైన ఇబాదాన్, ఎకిటి యుద్ధము 1893 వరకు సాగెను. దానిలో 1886లో సంధికి నడుము కట్టి శిబిరమునుండి శిబిరమునకు నడచినవారిలో ఒకరు సమూయేలు జాన్సను పాదిరిగారు. ఫ్రీటౌనులో పుట్టిన యొరూబా బిడ్డ ఆయన. తన జనుల చరిత్ర మరుగైపోవునను చింతతో ఆయన వ్రాసిన పెద్ద గ్రంథము, ఆయన మరణించిన ఇరువదేండ్లకు, 1921లో అచ్చయ్యెను.

క్రౌథరుగారిని అప్పుడు సి.ఎమ్.ఎస్. కార్యదర్శిగా నుండిన హెన్రీ వెన్ గారు ఎంతో నమ్మిరి. సంఘము తన్ను తాను పోషించుకొని, తన్ను తాను ఏలుకొని, తానే వ్యాపించవలెనని ఆయన బోధ. 1864 జూను 29వ తేదీన కాంటర్బరీ దేవాలయములో క్రౌథరుగారు బిషప్పుగా అభిషేకింపబడెను. ఆంగ్లికను సంఘమందు ఆఫ్రికా జాతివారిలో మొదటి బిషప్పు. 42 ఏండ్ల క్రిందట బానిస ఓడను పట్టుకొనిన లీకె దొర, తల నెరసి, ఆ ఆరాధనలో కూర్చుండెను. (ఇండియాలో అట్టి దినము 1912 డిసెంబరు 29న వచ్చెను. తిరునల్వేలి ప్రాంతపు తమిళుడైన అజరయ్యగారు మన దోర్నకలుకు బిషప్పైరి. ఆయనకును తెలుగు పరభాషయే, ఆయనయు నేర్చుకొనవలసివచ్చెను.)

అయితే ఆ గౌరవములో ఒక ముల్లు కలదు. తన సొంత యొరూబా దేశముపై ఆయనకు అధికారమియ్యలేదు. అక్కడ పనిచేయు తెల్ల మిషనెరీలు, వారిలో ముఖ్యముగా టౌన్సెండు దొరగారు, నల్లవాని క్రింద ఉండుటకు ఒప్పుకొనలేదు. గనుక ఆయనకు నైజరు నది దేశమిచ్చిరి. అక్కడ ఇగ్బోవారు, నూపేవారు, ఇజోవారు. ఆ భాషలలో ఆయన పరదేశి. తెల్లవారి దృష్టిలో ఆఫ్రికావాడు గనుక ఆఫ్రికా అంతటికి సరిపోవును! అబెయోకుటకు వచ్చిన తెలుగు వడ్రంగిని బర్మా భాష మాటలాడుమన్నట్లున్నది. అయినను వెళ్లెను. 1857లోనే ఇగ్బో వాచకమొకటి తయారుచేసెను. అది ఫ్రీటౌనులో చేరిన ఇగ్బోవారి కలగాపులగపు మాటమీద కట్టబడినది. నది ఒడ్డున ఏ ఊరివాడును అది తన మాట అనలేదు. యొరూబాలో ఫలించిన విధానము ఇగ్బోలో వేరు పట్టలేదు. తల్లి నోటనుండి వచ్చిన మాటకును పట్టణములో కూర్చిన మాటకును గల భేదము అక్కడ తేలెను.

ఆయన తోటి పనివారు చాలమంది సియెర్రా లియోనునుండి వచ్చినవారు. టోపీ పెట్టుకొని ఇంగ్లీషు మాటలాడు ఇట్టివారిని యొరూబావారు నల్లని తెల్లవారు అని పిలుచుచుండిరి. వారిలో భక్తులును కలరు, వ్యాపారము చేసికొనినవారును, నడత చెడినవారును కలరు. వృద్ధుడైన బిషప్పు, అంత పొడవైన నదిమీద, సంవత్సరమున కొన్ని మాసములు మాత్రమే నడచు ఓడలతో అందరిని చూడలేకపోయెను. ఇది లోపమే.

వెన్ గారు 1873లో మరణించిరి. తరువాత కాలము మారెను. ఐరోపా దేశములు ఆఫ్రికాను పంచుకొనుచుండిరి, నల్లవాడు ఏలుటకు తగడను మాట చదువుకొన్నవారి నోటను వినవచ్చుచుండెను. 1890 ఆగస్టు నెలలో ఒనిత్షాలో కమిటీ కూడెను. ఇంగ్లండునుండి వచ్చిన యౌవనస్థులైన మిషనెరీలు ఆయన పనివారిని ఒక్కొక్కరిగా దోషులని ఎంచి తొలగించిరి. ఆయన కుమారుడు, ఆర్చిడీకను డాండిసన్ క్రౌథరుగారిని సహా నిలిపివేసిరి. ఎనుబదేండ్లు దాటిన బిషప్పు ఆ కమిటీ సభ్యత్వమునకు అక్కడనే రాజీనామా చేసెను. తీర్పు తీర్చిన ఆ యౌవనస్థులలో ఇద్దరు ముఖ్యులు రెండేండ్లు తిరుగకముందే నైజరు జ్వరమునకు బలియైరి. వారిని నిందించుట మా ఉద్దేశము కాదు, వారును ప్రాణము పెట్టి వచ్చినవారే. కాని యొర్దాను రేవున నిలిచినవారును తాము సరియైన మాటనే కోరుచున్నామని తలంచిరి.

1891 డిసెంబరు 31వ తేదీన లాగోసులో ఆయన నిద్రించెను. ఆయన స్థానమున ఒక ఆంగ్లేయుని బిషప్పుగా నియమించిరి. ఆ యేడే లాగోసులో కొందరు క్రైస్తవులు మిషనులనుండి వేరై స్వదేశ సంఘము కట్టుకొనిరి. మరుసటి సంవత్సరము డాండిసన్ గారు నైజరు ముఖద్వారపు సంఘములను స్వపోషణమీద నిలిపిరి. ఇంగ్లీషు పేర్లు విడిచి తమ భాష పేర్లు పెట్టుకొనుట, దేశవస్త్రము ధరించుట బయలుదేరెను. డేవిడ్ బ్రౌన్ విన్సెంటు అను బోధకుడు 1894లో మొజోలా అగ్బేబి ఆయెను. క్రౌథరుగారికి ఆ అవసరము రాలేదు. క్రౌథరు అను పేరు మోయుచునే, అజాయి అను పేరును విడువలేదు.

ఆయన కుమార్తె అబిగయీలునకు లాగోసులో మొదటి ఉన్నత పాఠశాల స్థాపించిన పాదిరిగారితో వివాహమాయెను. అల్లునిగారి పేరు వింత: థామస్ బాబింగ్టన్ మెకాలే. మన దేశములో ఇంగ్లీషు చదువు ప్రవేశపెట్టిన దొరగారి పేరే! వారి కుమారుడు హెర్బర్టు మెకాలే 1923లో నైజీరియాలో మొదటి రాజకీయ పక్షమును స్థాపించెను. ఆయనను ఆ దేశపు జాతీయోద్యమమునకు తండ్రి అందురు. 1914లో ఆంగ్లేయులు ఉత్తర దక్షిణములను ఒక్కటిగా కుట్టిన దేశమది. అందులో 500కు మించిన భాషలు. 1960 అక్టోబరు 1న స్వతంత్రమాయెను. ఏడేండ్లు నిండకముందే ఇగ్బోవారు విడిపోదుమనగా 1967 మొదలు 1970 వరకు అంతర్యుద్ధము జరిగి లక్షలమంది, అందులో ఆకలిచేత పసిపిల్లలు, నశించిరి. ఊరిని ఊరితో కలిపి ఒక జనమును చేసిన గ్రంథము, జనమును జనముతో కలిపి ఒక దేశము చేయుటకు చాలలేదు. అది వేరు పని, ఇంకను మిగిలియున్నది.

2014 జూను 29వ తేదీన, ఆయన అభిషేకమునకు 150 సంవత్సరములు నిండిన దినమున, అదే కాంటర్బరీ దేవాలయములో కృతజ్ఞతారాధన జరిగెను. ఆర్చిబిషప్పు వెల్బీగారు ఆ వృద్ధునికి జరిగిన అన్యాయమునకు సంఘము పక్షమున బహిరంగముగా క్షమాపణ వేడిరి.